గ్యారేజీలో విమానం: సగం తయారైన రెక్కలు కొనవచ్చా?

ప్రశ్న: డాలస్‌లో మా గ్యారేజీలో ఆర్వీ-14 అనే చిన్న విమానం కిట్ బిగించాలనుకుంటున్నాను. రెక్కలను సగం తయారైనవిగా తెప్పించుకుంటే సగానికి పైగా పని కట్టేవారే చేయాలనే 51 శాతం నిబంధన అడ్డువస్తుందా అండీ?

జవాబు 1: అలా సగం తయారైన కిట్‌ను అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ముందే ఆమోదించి ఉంటే రాదండీ. వారు లెక్కించేది గంటలను కాదు, పనులను. రెక్కకు ఆకారమిచ్చే ఒకే రకం పక్కటెముకలు (రిబ్‌లు) పాతిక ఉన్నా, ఒకటి మీ చేతులతో చేస్తే ఆ పని మీ ఖాతాలో పడుతుంది. అయితే ప్రతి దశకూ ఫొటోలు, తేదీలతో పుస్తకం రాసుకోండి.

జవాబు 2: ముందు తోక కిట్ ఒక్కటే కొనండి. నా మొదటి వారం, రేకులను కలిపే రివెట్లను కొట్టే రివెట్ గన్ జారి, అల్యూమినియం రేకుపై నెలవంకలాంటి నొక్కులు పడ్డాయి. రివెట్‌ను డ్రిల్ చేసి తీయడమే ముందు నేర్చుకున్నాను.

జవాబు 3: విమానం పూర్తయ్యాక చేయాల్సిన పరీక్షా ప్రయాణాలనూ లెక్కలో వేసుకోండి. ధ్రువీకరించిన ఇంజిన్-ప్రొపెల్లర్ జోడీకి సాధారణంగా 25 గంటలు, లేకుంటే 40. అప్పటిదాకా సరదాకు ఎవరినీ ఎక్కించుకోకూడదు, ఇంట్లోవారు ఎంత అడిగినా సరే.