తప్పును అందరి ముందు రాయాలా, పక్కకు పిలిచి చెప్పాలా?

చంద్రగిరి_వాసి:

మిత్రులకు నమస్కారం. మన తిరుపతి బృందంలో చాలాకాలంగా తేలకుండా ఉన్న ఒక విషయాన్ని చర్చకు పెడుతున్నాను. ఒకరు ప్రోగ్రామ్‌కు పంపిన కోడ్ మార్పులో మరొకరికి తప్పు కనిపిస్తే దానిని ఆ మార్పు కిందే అందరూ చదివేలా రాయాలా, లేక ఇంతవరకు మనం చేస్తున్నట్టు ఫోన్ చేసో, బాలాజీ కాలనీలో మేడ మీద ఆదివారం కలిసినప్పుడు పక్కకు పిలిచో చెప్పాలా? రాసి తీరాలన్నది నా పక్షం. ఈ మామిడి సీజన్‌లో జరిగినదాని తర్వాత ఆ అభిప్రాయం మరింత గట్టిపడింది.

కొత్తగా చేరినవారికి నేపథ్యం చెప్పాలి. మనం ఉచితంగా అందిస్తున్న బిల్లుల ప్రోగ్రామ్‌ను చిత్తూరు వైపు ఒక మామిడి మండీలో కాటా చీటీలు ఇవ్వడానికి వాడుతున్నారు. ఆ చీటీ వచ్చేది 58 మిల్లీమీటర్ల కాగితపు చుట్ట పట్టే చిన్న థర్మల్ ప్రింటర్ నుంచి. అందులో తెలుగు ఫాంటు ఉండదు కనుక అక్షరాలను మనమే బొమ్మగా గీసి పంపిస్తాం. అడ్డంగా 384 చుక్కలు దాటితే కాగితం చాలదు. పేరు పొడవై బరువు గడి మీదికి వస్తోందని, మే నెలలో వచ్చిన ఒక మార్పు పేరును పది అక్షరాలకు కత్తిరించింది. అయితే ఆ కోడ్ లెక్కపెట్టింది మనం బడిలో దిద్దిన అక్షరాలను కాదు, కంప్యూటర్ ఒక్కో లిపి గుర్తుకు వాడే యూనికోడ్ సంకేతాలను. మనకు 'క్ష్మ' ఒక్క అక్షరమే. యంత్రానికి అది క, పొల్లు, ష, పొల్లు, మ, మొత్తం ఐదు. అసలు పేర్లు బయటపెట్టడం మర్యాద కాదు కనుక అదే కొలతకు సరిపోయే పేర్లు తీసుకుంటున్నాను. 'కె. లక్ష్మయ్య'లో చుక్కనూ ఖాళీనీ కలుపుకొని 13 సంకేతాలు ఉన్నాయి, 'కె. లక్ష్మమ్మ'లోనూ అంతే. పదో సంకేతం దగ్గర కత్తిరిస్తే రెండూ 'కె. లక్ష్మ' అవుతాయి. ఇద్దరూ ఒకే ఊరివారు, ఒకే రోజు తోతాపురి కాయ తోలుకొచ్చారు. ఒకరి లోడు ఇంకొకరి లెక్కలో పడింది. అది తేలేసరికి రాత్రి తొమ్మిదయింది, అంతసేపూ ఆ పెద్దావిడ కాటా పక్కన ఖాళీ గోతాల మీద కూర్చొనే ఉంది.

ఆ మార్పును ఆమోదించింది నేనే. రాసిన అబ్బాయి నాకు తమ్ముడి వంటివాడు. బెంగళూరు నుంచి వస్తూ బస్సులో, ఫోన్‌లో పైపైన చూసి, మనవాడే కదా అన్న నమ్మకంతో నొక్కేశాను. రెండు రోజుల తర్వాత మన బృందంలో ఒకరు ఫోన్ చేసి, ఒత్తులున్న పేర్లు తెగుతాయేమో ఒకసారి చూడమన్నారు. ఆ మాట మా ఇద్దరి మధ్యనే ఉండిపోయింది. అదే మాట మార్పు కింద రాసి ఉంటే నేను మరిచినా మూడోవారి కంట పడేది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నల్‌లో కోడ్ చదివి ఒప్పుకున్నవారి పేరు 'రివ్యూడ్-బై' అన్న వరుసలో ఆ మార్పుతోపాటే నిలిచిపోతుంది. ఏళ్లు గడిచాక కూడా ఎవరు చదివారో తెలుసుకోవచ్చు. మన దగ్గర జరిగే చర్చలో సగానికి ఆనవాలే లేదు.

స్వర్ణముఖి:

అన్నా, మీ బాధను అర్థం చేసుకుంటూనే విభేదిస్తున్నాను. నేను తిరుపతిలో ఒక కళాశాలలో ప్రోగ్రామింగ్ బోధిస్తాను. నా తరగతికి కుప్పం నుంచి, పలమనేరు నుంచి, సత్యవేడు నుంచి తెలుగు మాధ్యమంలో చదువుకున్న పిల్లలు వస్తారు. నిరుడు కుప్పం నుంచి వచ్చిన ఒక అమ్మాయి మరో ప్రాజెక్టుకు తన మొదటి మార్పు పంపింది. దాని కింద ముగ్గురు ఇంగ్లీషులో వ్యాఖ్యలు రాశారు. మూడూ సరైనవే, ఒక్కటీ అమర్యాదగా లేదు. అయినా ఆ అమ్మాయి మరుసటి రోజు ఫోన్ పట్టుకొని నా దగ్గరికి వచ్చి, ఖాతా ఎలా తీసేయాలో చూపించమంది. తప్పు చేశానన్నది కాదు ఆమె దిగులు. ఆ పేజీని వాళ్ల అన్న చూస్తాడు, తోటి పిల్లలు చూస్తారు, రేపు ఉద్యోగం ఇచ్చేవారూ చూస్తారు. ఎక్కడో ఉన్న అపరిచితులు చదివితే కలిగే బిడియం వేరు, మన ఊళ్లో పిన్నమ్మ కొడుకు చదివితే కలిగే బిడియం వేరు.

మీరు ఉదాహరణగా చూపిన కెర్నల్ సంగతే తీసుకుందాం. 2018 సెప్టెంబరులో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా, తాను ఇన్నేళ్లుగా బహిరంగంగా రాసిన కటువైన మాటలకు క్షమాపణ చెప్పి, కొంతకాలం పని నుంచి పక్కకు తప్పుకున్నారు. ఆ పద్ధతి వల్ల కోడ్ బాగుపడింది నిజమే కావచ్చు, కానీ దాన్ని నడిపిన మనిషికే దాని బరువు తెలిసి వచ్చింది.

మాటల్లో జరిగే సమీక్షకు పద్ధతి లేదన్న అభిప్రాయం కూడా సరికాదు. ఐబీఎంలో పనిచేసిన మైకేల్ ఫేగన్ 1976లో ప్రకటించిన తనిఖీ విధానంలో నలుగురూ ఒకచోట కూర్చుంటారు, ఒకరు కోడ్‌ను వివరిస్తూ పోతారు, దొరికిన తప్పులను ఆ ఉద్యోగి పనితీరును తూచడానికి వాడకూడదు. ఆ చివరి నియమం ఎందుకు పెట్టారో ఆలోచించండి. తన తప్పు తనకు శిక్ష అవుతుందని భయపడేవాడు తప్పును దాస్తాడు.

పోతే, మండీలో జరిగినదానికి కారణం మాట్లాడుకోవడం కాదు. మీరు చదవకుండా ఆమోదించారు. చదవనివారు రాయమంటే ఏం రాస్తారు?

రేణిగుంట_రాత్రిబండి:

అక్క చివరన అడిగిన ప్రశ్నే అసలైనది. అందరి ముందు జరిగినంత మాత్రాన అందరూ చదివినట్టు కాదని ఎక్స్‌జెడ్ ఉదంతం చూపించింది. తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఎక్స్‌జెడ్ అన్నది ఫైళ్లను కుదించే ఉపకరణం, దాదాపు ప్రతి లినక్స్ యంత్రంలోనూ ఉంటుంది, చాలాకాలం ఒకే ఒక్క స్వచ్ఛంద నిర్వాహకుడి భుజం మీద నడిచింది. జియా టాన్ అన్న పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా అందరూ చూస్తుండగానే మంచి మార్పులు పంపుతూ నమ్మకం సంపాదించారు. ఆ నిర్వాహకుడు తన ఆరోగ్యం బాగా లేదని బహిరంగంగా రాసుకున్నా, పని నెమ్మదిగా సాగుతోందని, బాధ్యత ఇంకొకరికి అప్పగించమని వేరే పేర్లతో వచ్చినవారు అక్కడే ఒత్తిడి పెట్టారు. చివరకు 5.6.0, 5.6.1 వెర్షన్లలో యంత్రంలోకి చొరబడే దొంగదారి చేరింది. దాన్ని రగిలించే ముక్క అందరూ చూసేలా కోడ్ ఉంచే రిపాజిటరీలో లేదు, విడుదల చేసిన కట్టలో మాత్రమే ఉంది. 2024 మార్చి 29న దానిని బయటపెట్టిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ వ్యాఖ్యలు చదివి పట్టుకోలేదు. తన యంత్రంలో లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, ఎందుకో తేల్చుకునే దాకా వదల్లేదు.

మన విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. పేర్లను సంకేతాలుగా కాక అక్షరాలుగా లెక్కపెట్టాలని ఎవరైనా సలహా రాశారనుకోండి. చదవడానికి అది సరైన సలహాలాగే ఉంటుంది. కానీ తెలుగు ఒత్తులను విడదీయకూడదన్న నియమం యూనికోడ్‌లో చేరింది 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 వెర్షన్‌లో. అంతకు ముందరి నియమాలతో నడిచే లైబ్రరీ (మనం తెచ్చి వాడుకునే సిద్ధంగా ఉన్న కోడ్) అయితే 'క్ష్మ'ను ఇప్పటికీ క్, ష్, మ అని మూడు ముక్కలు చేస్తుంది. ఎంత శ్రద్ధగా చదివినా ఇది కంటికి కనపడదు. ఒక్క చీటీ తీసి చూస్తే కనపడుతుంది. అందువల్ల సమీక్షకుడు తన అభిప్రాయం కాదు, ఏ పేర్లతో చీటీ తీసి చూశాడో రాయాలని నా ప్రతిపాదన. అది రాయడానికి ఎవరి మనసూ నొప్పించనక్కర లేదు.

ఇంకొక మాట. ఎక్స్‌జెడ్‌కు కరవైనది మనకు ఉంది. మనకు ఒకరి ఇల్లు ఒకరికి తెలుసు, ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు రుయా ఆసుపత్రికి వెంట వెళ్లిన రోజులు ఉన్నాయి. నియమాలు పెట్టుకునే తొందరలో దీన్ని లోపంగా లెక్కగట్టవద్దు.

కాటా_చీటీ:

నాకు కోడ్ తెలియదు, మండీల్లో లెక్కలు రాసే కుటుంబం మాది. మా చిట్టాలో అంకె తప్పు పడితే దాన్ని చెరపము, పేజీ చింపము. తప్పు అంకె మీద ఒక గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, వేసినవారు సంతకం పెడతారు. పాత అంకె కూడా చదవగలిగేలా ఉండాలి, అప్పుడే రైతు నమ్ముతాడు. మా నాన్న చిట్టాల్లో ఆయన కొట్టిన గీతలు వందలు ఉంటాయి. వాటిని చూసి ఆయనకు లెక్కలు రావని అన్నవారు నాకు తెలిసి ఒక్కరూ లేరు. ఆరోజు ఆ పెద్దావిడ అడిగింది కూడా, ఎవరు తప్పు చేశారని కాదు, ఎక్కడ మారిందో చూపించమని.

చంద్రగిరి_వాసి:

స్వర్ణముఖి గారు చెప్పినది రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. చదవకుండా నొక్కిన తప్పు నాదే, దానికి పద్ధతిని నిందించడం సరికాదు, ఒప్పుకుంటున్నాను. అయినా రాయవద్దన్న చోటికి మాత్రం రాలేకపోతున్నాను. మేడ మీదికి ఎవరు రాగలరు? తిరుపతిలో ఉన్నవారు, ఆదివారం సెలవు దొరికినవారు, చీకటి పడ్డాక ఇంటికి వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేనివారు. మీ కుప్పం అమ్మాయి రాలేదు. పక్కకు పిలిచి చెప్పే పద్ధతిలో పిలిపించుకునే అదృష్టం పక్కన ఉన్నవారికే దక్కుతుంది.

ఎలా రాయాలన్నదానిలో మీ మాట నాకు శిరోధార్యం. తెలుగులో రాద్దాం. 'నువ్వు ఒత్తుల సంగతి మరిచిపోయావు' అనడానికీ, 'లక్ష్మయ్య పేరు పది దగ్గర తెగుతోంది, చీటీ బొమ్మ జత చేస్తున్నాను' అనడానికీ చాలా తేడా ఉంది. మొదటిది మనిషి గురించి, రెండోది చీటీ గురించి. తెలుగు లిపి దగ్గర పొరపడటం చిన్నతనం కాదని కూడా పిల్లలకు చెప్పాలి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'కు సంబంధించిన ఒక్క సంకేతాల వరుస కంటపడితే చాలు ఐఫోన్‌లో మెసేజీల యాప్ కుప్పకూలిపోయేది. దాన్ని సరిదిద్దడానికి యాపిల్ ఐఓఎస్ 11.2.6ను విడుదల చేయవలసి వచ్చింది. అంత పెద్ద సంస్థకే తప్పనిది డిగ్రీ చదివే అమ్మాయికి తప్పాలని ఎవరు అనగలరు?

స్వర్ణముఖి:

మేడ మీదికి ఎవరు రాలేరో మీరు రాసిన మాట నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ మొదటి మార్పుకు మాత్రం మినహాయింపు అడుగుతున్నాను. ఎవరి మొదటి మార్పునైనా ముందు ఒకరు వారితో ఫోన్‌లో మాట్లాడి, వారి చేతనే సరిచేయించి, ఆ తర్వాతే కింద రాయాలి. దీన్ని వదులుకోవడానికి నేను సిద్ధంగా లేను.

పాకాల_జంక్షన్:

ఆ పది అంకె వేసింది నేనే. ఈ చర్చ మొదలైన రోజే చదివాను, నాలుగు రోజులు ఏమి రాయాలో తోచలేదు.

చంద్రగిరి అన్నా, మండీలో జరిగినది నాకు ఇక్కడ చదివేవరకు తెలియదు. జూన్‌లో ఒకసారి ఫైలు తెరిస్తే నా పది ఇరవైగా మారి ఉంది. మార్పు పేరు చోట 'చిన్న సవరణ' అని మాత్రమే ఉంది. ఎందుకు మారిందో అర్థం కాలేదు. అడిగితే ఇంత చిన్న సంగతి తెలియదా అంటారేమోనని అడగలేదు. ఆ తర్వాత రెండు ఆదివారాలు మేడ మీద మీ పక్కనే కూర్చున్నాను, మీరు మా అమ్మ ఆరోగ్యం గురించి అడిగారు, నా ఉద్యోగం గురించి ఇద్దరు ముగ్గురితో మాట్లాడతానన్నారు. దీని గురించి మాత్రం ఎవరూ ఎత్తలేదు. నన్ను నొప్పించకూడదనే అనుకొని ఉంటారు. నాకు ఇప్పుడు కలుగుతున్న బాధ ఆ రోజే తెలిసి ఉంటే ఇంతగా ఉండేది కాదు. ఒక ముసలామె నా అంకె వల్ల రాత్రి దాకా కూర్చుందని తెలియకుండానే, ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్లలో నేనూ ఒకడినని ఇంటర్వ్యూలో చెప్పుకున్నాను.

అక్క మాట కూడా కాదనలేను. చేరిన మొదటి వారంలో ఇదే తప్పును అందరి ముందు రాసి ఉంటే నేను రెండోసారి ఏమీ పంపేవాడిని కాదేమో. నాకు ఏది మేలో నాకే తెలియడం లేదు. కానీ ఎక్కడా చెప్పకపోవడం రెండింటిలో ఏదీ కాదు.

ఇరవై అంకె కూడా తప్పే. 'ఎం. వెంకటసుబ్రహ్మణ్యం' అన్న పేరులో 21 సంకేతాలు ఉన్నాయి, చివరి సున్న ఎగిరిపోతుంది. చర్చ చదివిన రాత్రే కొత్త మార్పు పెట్టాను. ఇందులో కత్తిరింపే లేదు. పేరు కాగితం మీద ఎన్ని చుక్కల వెడల్పు వస్తుందో, ఒత్తులతో సహా అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్ అన్న లైబ్రరీతో కొలిచి, గడిలో పట్టకపోతే కింది వరుసలోకి దించుతుంది. రేణిగుంట అన్న చెప్పినట్టు 12 పేర్లతో చీటీలు తీసి వాటి బొమ్మలు జత చేశాను. 'జ్ఞానమ్మ' దగ్గర కింది ఒత్తు తర్వాతి వరుసకు తగులుతోందేమోనని నాకు అనుమానం, దాన్ని కూడా అక్కడే రాశాను. మార్పు పెట్టి నాలుగు రోజులైంది. దాని కింద ఇంతవరకు ఎవరూ ఏమీ రాయలేదు.