సేంద్రియ తోటల్లో పనికి విదేశం వెళ్లినవారు ఉన్నారా?

ప్రశ్న (నల్గొండ జిల్లా):
చండూరు దగ్గర మాకు ఆరెకరాల బత్తాయి తోట ఉంది. రెండేళ్లుగా రసాయనాలు మానేసి జీవామృతం పోస్తున్నాం. బంక తెగులు మాత్రం వదలడం లేదు. మొదలు దగ్గర బెరడు చిట్లి, తేనె రంగు జిగురు కారి గడ్డకడుతోంది. ఇటలీలోని సిసిలీలో సేంద్రియ నారింజ తోటలు ఉన్నాయి. వూఫ్ (సేంద్రియ తోటల్లో పని చేస్తూ నేర్చుకోవాలనుకునేవారిని ఆ తోటల యజమానులతో కలిపే సంస్థ) ద్వారా రెండు నెలలు అక్కడ పని చేస్తూ నేర్చుకోవాలని ఉంది. నాన్న మాత్రం "కూలి పనికి అంత దూరమా?" అని బాధపడుతున్నారు.

జవాబు 1 (దేవరకొండ):
తమ్ముడూ, అది కూలి కాదని నాన్నగారికి నచ్చజెప్పు. 1971లో ఇంగ్లండులో మొదలైన పద్ధతి అది. సాధారణంగా రోజుకు నాలుగు నుంచి ఆరు గంటలు పని చేస్తే భోజనం, వసతి ఇస్తారు, డబ్బు ఇవ్వరు. సభ్యత్వం ఏ దేశానికి వెళ్తే ఆ దేశపు వూఫ్‌లోనే తీసుకోవాలి. విమానం ఖర్చు నీదే. తోట యజమానికి మీ చెట్టు మొదలు ఫోటో ముందే పంపు. బంక తెగులు గురించి తెలిసినవారైతేనే వెళ్లు.

జవాబు 2 (మహబూబ్‌నగర్):
ముందు వీసా సంగతి తేల్చుకోండి. కొన్ని దేశాల్లో చిక్కు రావచ్చు. ఉదాహరణకు, తిండికీ వసతికీ బదులుగా చేసే పనిని కూడా న్యూజిలాండ్ ఉద్యోగంగానే లెక్కిస్తుంది. ఇటలీ నియమాలు కాన్సులేట్‌నే అడగండి. షెంగెన్ వీసాకు (ఇటలీతో పాటు చాలా ఐరోపా దేశాలకు చెల్లే ఉమ్మడి వీసా) 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. మా తమ్ముడు ఇవేవీ చూసుకోకుండా వెళ్లి ఒక విమానాశ్రయం నుంచే వెనక్కి వచ్చాడు. ఇల్లంతా వారం రోజులు కుమిలిపోయాం.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, అన్నా, ధన్యవాదాలు. రేపు పొద్దున్నే ఫోటోలు తీస్తాను, నాన్ననూ వెంటబెట్టుకుని.