ఆరు సెంట్ల పెరడు: చెట్లు ఏ దిక్కున, కూరమడులు ఏ దిక్కున?

ప్రశ్న (రేగడి పెరడు):
తెనాలి దగ్గర మా ఇంటి వెనుక ఆరు సెంట్ల స్థలం, అంటే సుమారు 290 చదరపు గజాలు, చాలాకాలంగా తుమ్మమొక్కలతో పడి ఉంటే ఈ వేసవిలో బాగు చేయించాము. ఒక జామ, ఒక నిమ్మ, రెండు మూడు బొప్పాయిలు, ఒక మునగ పెట్టి, మిగిలిన చోట ఇంటికి సరిపడా కూరగాయలు, పూజకూ జడకూ కావలసిన పూలు పండించుకోవాలని మా ఆలోచన. పెద్ద చెట్లు దక్షిణ, పడమర దిక్కుల్లోనే ఉండాలని మా మామగారు అంటున్నారు. అలా పెడితే కూరమడుల మీద నీడ పడుతుందేమోనని నా సందేహం. ఇల్లు స్థలానికి తూర్పున ఉంది, మిగిలిన మూడు వైపులా ఖాళీయే. నేల నల్లరేగడి, ముసురు పట్టినప్పుడు రెండేసి రోజులు నీరు నిలుస్తుంది. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు (ఎండపొద్దు):
మీ సందేహం సరైనదే. మన ప్రాంతంలో టమాటా, వంగ, చిక్కుడు, క్యాబేజీ బాగా పండేది శీతకాలంలో, అప్పుడు సూర్యుడు రోజంతా దక్షిణానికి వాలి ఉంటాడు. డిసెంబరు మిట్టమధ్యాహ్నం కూడా 15 అడుగుల చెట్టు నీడ ఉత్తరం వైపు దాదాపు 12 అడుగుల దాకా పడుతుంది. కాబట్టి దక్షిణపు గట్టున మునగ పెడితే, సరిగ్గా కూరగాయలకు ఎండ కావలసిన నెలల్లోనే మడులు నీడలో ఉంటాయి. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్నపు సూర్యుడు మనకు కొంచెం ఉత్తరంగానే ఉంటాడు గనుక, ఆ రోజుల్లో ఉత్తరపు చెట్ల నీడ ఇటు పడినా ఒకటి రెండు అడుగులకు మించదు.

మునగ, నిమ్మ ఉత్తరపు హద్దున, జామ పడమరన పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు ఎండ నుంచి మొక్కలను కాచేది పడమటి చెట్టే గనుక మీ మామగారి మాటలో సగం నిలబడినట్టే. జామకు కొత్త చిగుళ్ల మీదనే పూత వస్తుంది. ఏటా కొమ్మలు కత్తిరించి చేతికందే ఎత్తులో ఉంచితే కాపు తగ్గకపోగా నీడ అదుపులో ఉంటుంది. ఇంటి గోడ పక్కన ఉదయం నీడ పడే చోటును కనకాంబరానికి, పుదీనాకు వదిలేయండి.

జవాబు (నల్లమట్టి):
దిక్కుల కన్నా ముందు నీటి సంగతి చూడాలని నా అభిప్రాయం. మొదలు దగ్గర నీరు నిలిస్తే బొప్పాయి ఒకటి రెండు రోజుల్లోనే వాడి, కాండం మొదలు కుళ్లి పడిపోతుంది. మునగ కూడా దాదాపు అంతే. పల్లం వైపు ఒక కాలువ తీసి నీరు బయటికి పోయే దారి చూపించాకే మొక్కల జోలికి వెళ్లండి. బొప్పాయిని గుంటలో కాక అడుగున్నర ఎత్తు మట్టిదిబ్బ మీద నాటాలి. రెడ్ లేడీ వంటి రకాల్లో మగచెట్లు రావు కాబట్టి రెండు మొక్కలు చాలు. నిమ్మకు కాండం చుట్టూ మట్టి ఎగదోసి, నీరు మొదలుకు తగలకుండా దూరంగా పాదు చేస్తే బంక తెగులు ముప్పు తగ్గుతుంది.

కూరమడులు అడుగు ఎత్తున, రెండు వైపుల నుంచీ చేయి అందేలా నాలుగు అడుగుల వెడల్పున వేయండి. రేగడిలో నాలుగు తట్టల ఇసుక కలిపితే గుల్లబారుతుందని చాలామంది చెబుతారు గానీ, ఆ కాస్త ఇసుకతో ఏమీ కాదు. ఏటా చివికిన పశువుల ఎరువు, ఎండుటాకులు వేస్తూ పోతేనే నేల మారుతుంది. తడిమీద తవ్వితే గడ్డలు కట్టి రాళ్లవుతాయి. నేలలో తేమ సరిపడా ఉన్న పదును చూసి తవ్వడం రేగడిలో సగం సేద్యం.

రేగడి పెరడు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరొక్క మాట. పక్క ఇంటివారు సంక్రాంతి తరువాత పందిరి చిక్కుడు పెడితే తీగ విపరీతంగా పాకింది గానీ ఒక్క పూత రాలేదు. విత్తనం లోపమా?

జవాబు (పాదు పందిరి):
విత్తనం లోపం కాకపోవచ్చు. పందిరి చిక్కుడు నాటు రకాలకు పగలు కురచబడితేనే పూత వస్తుంది. అందుకే మనవాళ్లు తొలకరికి గింజ పెడతారు, సంక్రాంతికి కాయ కోస్తారు. వేసవికి పందిరి ఖాళీగా ఉండకూడదంటే బీర, సొర పాకించండి. వీటికి మొదట మగపూలే వస్తాయి, రాలినా కంగారుపడకండి. పిందె పసుపుబారి రాలుతుంటే మాత్రం పుప్పొడి అందడం లేదని అర్థం. ఈ రెండూ సాయంత్రం విచ్చుకుంటాయి కాబట్టి, ఆ వేళకు ఒక మగపువ్వు కోసి ఆడపువ్వు మధ్యలో అద్దితే సరిపోతుంది. పందిరిని బొప్పాయికి దూరంగా వేయండి. బొప్పాయి ఆకులను ముడుచుకుపోయేలా చేసే వలయపు మచ్చల వైరస్ తీగ కూరలకూ సోకగలదు, దాన్ని మోసేది పేనుబంక.

పూల విషయానికి వస్తే, టమాటా వరుసల మధ్య బంతి వేయడం మంచిది. కాయతొలిచే పురుగు బంతిపూల మీదికి మళ్లుతుంది, వేళ్ల దగ్గర నులిపురుగులూ తగ్గుతాయి. మల్లెను దక్షిణపు గట్టునే పెట్టుకోవచ్చు, దాని ఎత్తుకు నీడ బాధ లేదు. కార్తికం దాటాక నీరు తగ్గించి, ఆకు రాలాక కొమ్మలు కత్తిరించి, తరువాత ఎరువు వేసి తడి ఇస్తే వేసవికి మొగ్గ బాగా వస్తుంది.