తలకోనలో ట్రౌట్ పిల్లలు వదిలితే బతుకుతాయా?

చంద్రగిరి కుర్రోడు:
అన్నలందరికీ నమస్కారం. మాది చంద్రగిరి పక్కన పల్లె, ఉద్యోగం తిరుపతిలో. పోయిన ఏప్రిల్‌లో హిమాచల్ ప్రదేశ్ పోయి తీర్థన్ నది ఒడ్డున నాలుగు రోజులున్నాను. మేం దిగిన ఇంటాయన మత్స్యశాఖ పర్మిట్ తీసిచ్చి గాలం చేతికిచ్చాడు. రెండో రోజు సాయంత్రం ఒక ట్రౌట్ పడింది, చల్లటి కొండ ఏళ్లలో బతికే చేప అది. గోధుమరంగు ఒళ్లు, దాని మీద ఎర్ర చుక్కలు. పట్టుకుంటే చెయ్యి జివ్వుమంది, అంత చల్లగా ఉంది. ఆయన దాన్ని నీళ్లలోనే ఉంచి కొక్కెం తీసి వదిలేశాడు. అప్పటి నుంచి నాకు అదే ధ్యాస. మన తలకోన జలపాతం నీళ్లు కూడా చల్లనే కదా. పిల్లలు తెచ్చి వదిలితే బతుకుతాయా? పోనీ కల్యాణి డ్యాంలో?

భాకరాపేట వాసి:
తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం లోపలిది తమ్ముడూ. అక్కడ గాలం వెయ్యకూడదు, బయటి చేపల్ని తెచ్చి వదలకూడదు. కల్యాణి నీళ్లు తిరుపతి జనం తాగేవి. ఆ ఆలోచన మానుకో.

స్వర్ణముఖి గాలం:
తమ్ముడూ, నేను నలభై ఏళ్లుగా గాలం వేస్తున్నాను. నీ ఆశ నాకు అర్థమైంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

ట్రౌట్‌కి నీళ్లు 20 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది. 25 దగ్గరికి వస్తే ప్రాణం మీదికి వస్తుంది. మనకి తలకోన నీళ్లు చల్లగా అనిపించేది బయట ఎండ 40 దాటి ఉంటుంది కాబట్టి. పైగా నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. 10 డిగ్రీల నీళ్లలో లీటరుకు 11 మిల్లీగ్రాముల దాకా పడుతుంది, 30 డిగ్రీల్లో ఏడున్నర కూడా కష్టమే. మనకు దగ్గర్లో ట్రౌట్ ఉండేది నీలగిరుల్లో. అక్కడ అవలాంచి దగ్గర 1907లో విల్సన్ అనే ఇంగ్లీషాయన గుడ్లు పొదిగించి పిల్లల్ని తీసే కేంద్రం పెట్టాడు. అంత ఎత్తు, అంత చలి ఉంటేనే నిలిచింది.

నువ్వు తీర్థన్‌లో చేపను చూసొచ్చావు. ఆ నది అడుగు చూశావా? అంతా గులకరాళ్లు. చలికాలంలో ఆడ ట్రౌట్ తోకతో ఆ రాళ్లను చిమ్మి గుంట చేసి గుడ్లు పెడుతుంది. రాళ్ల సందుల్లో నీళ్లు పారుతుంటేనే గుడ్లకు ఊపిరి, బురద కప్పేస్తే చస్తాయి. అందుకే అక్కడ నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ట్రౌట్‌ను పట్టనివ్వరు. ఆ నది మీద కరెంటు ప్రాజెక్టులు వద్దని అక్కడి మాజీ ఎమ్మెల్యే దిలారాం శబాబ్, ఊళ్ల జనం కలిసి కోర్టు దాకా పోయి కొట్లాడారు. నీ చేతికి తగిలిన ఆ చల్లదనం వాళ్లు కాపాడుకున్నది.

మన స్వర్ణముఖి ఏటికి గులకరాళ్ల బదులు ఇసుక ఉండేది. నా చిన్నప్పుడు మా నాయనతో పోతే, ఎండాకాలంలో కూడా చేత్తో మూరెడు తవ్వితే చెలమలో నీళ్లు ఊరేవి. వంతెన కింద మడుగులో ఇసుకదొందు చేపలు అడుగున ఇసుక రంగులోనే కలిసిపోయి పడుకునేవి. కాలు పెడితే గానీ కదిలేవి కావు. ఆ ఇసుకంతా ట్రాక్టర్లలో పోయింది. ఇప్పుడు చాలాచోట్ల బంకమట్టి తేలి సర్కారు తుమ్మ మొలిచింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు రగులుతుంది.

2021 నవంబర్ వరద గుర్తుంది కదా, రాయలచెరువు తెగుతుందని ఊళ్లు ఖాళీ చేయించినప్పటిది. ఆ నష్టం చిన్నది కాదు. కానీ ఆ తర్వాత ఏరు నెలల తరబడి పారింది. జనవరిలో గాలం వేస్తే పరిగెలు పడ్డాయి, ఒక కొర్రమీను కూడా పడింది. పై చెరువుల్లోంచి అవే దిగివచ్చాయి. ఎవరూ తెచ్చి వదల్లేదు.

ఇంకొక మాట. కొత్తనీళ్లకు గుడ్లతో ఎదురెక్కే చేపల్ని మొరవ దగ్గర, అంటే చెరువు నిండి నీళ్లు పొర్లే చోట, దోమతెర అడ్డం కట్టి వేలెడు పిల్లతో సహా ఊడ్చేస్తున్నారు. నీకు ఏదైనా చెయ్యాలని ఉంటే ముందు మీ ఊళ్లో ఆ దోమతెర తీయించు.

నీవా ఒడ్డు:
సార్ చెప్పింది నిజం. మాది చిత్తూరు దగ్గర, నీవా ఏటి పక్కనే మా చేను. రెండేళ్ల కిందట తోతాపురి మామిడికాయ కోత టైంలో ఒక గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు రాత్రిపూట కడుగునీళ్లు కాలవలోకి వదిలారు. తెల్లారి పోతే జిలేబి చేపలు (తిలాపియా) పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, మధ్యాహ్నానికి అన్నీ తెల్లగా తేలాయి. విషం కలిపారేమో అని మా ఆయన టెన్షన్ పడి గొడ్లను నీళ్లకు వదల్లేదు. తర్వాత తెలిసింది, ఆ తీపిని తినే సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి నీళ్లలో ప్రాణవాయువునంతా లాగేశాయని. జిలేబి చేప ఎలాంటి నీళ్లలోనైనా బతికేస్తుంది. అదే చచ్చిందంటే ఇక మిగతావాటి సంగతి ఏం చెప్పేది? ఫోటోలు, ఒక సీసాలో నీళ్లు పట్టుకుని కాలుష్యం సంగతి చూసే ఆఫీసుకు పోతే మూడు రోజుల తర్వాత వచ్చారు. అప్పటికి వాన పడి కాలవ కడిగేసింది. ఈసారి సీజనుకు మేం పదిమందిమి ముందే వంతులేసుకున్నాం, రాత్రుళ్లు కాలవ చూడడానికి.

చంద్రగిరి కుర్రోడు:
ట్రౌట్ ఆలోచన మానుకున్నా అన్నా. మా ఊరి మొరవ దగ్గర దోమతెర కట్టేది మా చిన్నాయనే. ఇన్నాళ్లూ నేను కూడా ఆ చేపలే తిన్నాను. ఆయనతో మాట్లాడతాను. గాలం మాత్రం వదల్లేను. ఎక్కడ వెయ్యొచ్చు?

స్వర్ణముఖి గాలం:
చెరువుల్లో అయితే వేలంపాట పాడుకున్న మత్స్యకార సంఘం వాళ్లను అడిగే వెయ్యాలి, అది వాళ్ల కూడు. ఏట్లో ఇప్పుడు మోకాలి లోతు నీళ్లున్నాయి. ఆదివారం పొద్దున ఆరుకల్లా వంతెన దగ్గరికి రా. ఎర్రలు నేను తవ్వి తెస్తాను. నీ కొక్కేనికి ఉండే ఎదురుముల్లును కటింగ్ ప్లేయర్‌తో నొక్కేసి తీసుకురా, చేప నోరు చీలకుండా ఊడొస్తుంది. వీలైతే మీ చిన్నాయనను కూడా పిలుచుకురా.