మారిషస్‌లో చుట్టాలట, మొదటిసారి కలవబోతున్నాం

చీపురుపల్లి_అమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా. మా తాతయ్యకి తాత అయిన ఆయన తమ్ముడు చెరకు తోటల్లో పనికని మారిషస్ వెళ్లి మరి తిరిగి రాలేదని ఇంట్లో ఎప్పుడూ అనుకునేవారు, అంతకు మించి ఎవరికీ ఏమీ తెలీదు. నిరుడు ఫేస్‌బుక్‌లో అక్కడి పెద్దాయన ఒకరు మా ఊరి పేరు పెట్టి వెతుకుతూ మా అన్నయ్యకి దొరికారు. అక్కడి మోకా అనే ఊళ్లోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న పాత వలస రికార్డుల కాపీ ఆయన దగ్గరుంది, అందులో తండ్రి పేరు, ఊరు సరిపోయాయి. వచ్చే నెల నేనూ నాన్నా వెళ్తున్నాం, వాళ్లింట్లోనే దిగమంటున్నారు. తెలుగు మాట్లాడతారా? ఏం పట్టుకెళ్లాలి? ఇంకో చిక్కేంటంటే, ఆయన వాళ్లమ్మగారి వైపు నుంచి చుట్టం, లెక్కేస్తే నాన్నకి మేనల్లుడు, నాకు బావ! మా నాన్న కంటే ఏడాది పెద్ద ఆయన. ఏమని పిలవను?

పోర్ట్‌లూయీ_గుంటూరోడు:
బావగారూ అని పిలిచి చూడండి, అర్థం చెప్పాక ఇల్లంతా నవ్వుతుంది, అక్కడితో సగం బిడియం పోతుంది. తర్వాత మామూలుగా అంకుల్ అనండి, లేదా ఇక్కడి పిల్లలు అన్నట్టు తోంతోం అనండి.

తెలుగు సంగతికొస్తే ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఇంట్లో క్రియోల్, టీవీలో ఫ్రెంచ్, ఆఫీసు కాగితాలు ఇంగ్లిష్. బళ్లో తెలుగు చదువుకున్న వాళ్లుంటారు, ఉగాది ఇక్కడ దేశమంతటికీ సెలవు, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ, రామభజన అన్నీ చేస్తారు. నాకు తెలిసిన ఒక మామ్మగారికి రామభజన పాటలు రాత్రంతా పాడేంత వచ్చు, కానీ మంచినీళ్లు కావాలా అని అడగాలంటే క్రియోలే. కాబట్టి మీ నాన్నగారి పక్కన మీరు ఇంగ్లిష్‌లో దుబాసీ పని చెయ్యాలి, రెడీగా ఉండండి.

ఒక్కటి మాత్రం చెయ్యకండి, మీ ఇంటిపేరేంటి, కులమేంటి అని మొదలెట్టకండి. ఇక్కడ చాలా కుటుంబాల్లో ఓడ దిగిన మనిషి పేరో, ఆయన తండ్రి పేరో ఇంటిపేరైపోయింది. మనవాళ్లు వచ్చీరాగానే అదే అడుగుతారు, వీళ్లకి పరీక్ష పెట్టినట్టుంటుంది.

ఊళ్లో అడిగేవాడు:
అందరూ సంతోషంగా ఉన్నారు, నేనొక్కడినే అడ్డం వస్తున్నాననుకోకండి. అసలు ఆ కుటుంబమేనని గ్యారంటీ ఏంటి? ఉత్తరాంధ్రలో అప్పన్న, రామయ్య ఊరికి పదిమంది. పైగా ఆ కాలం కాగితాల్లో జిల్లా వైజాగపటం అనే ఉంటుంది, శ్రీకాకుళం జిల్లా వచ్చింది 1950లో, విజయనగరం 1979లో. ఒకే పేరున్న పల్లెలు ఈ మూడింట్లోనూ దొరుకుతాయి. తాలూకా పేరు చూశారా? అన్నదమ్ముల పేర్లు మీ వైపు ఎక్కడైనా రాసి ఉన్నాయా?

చీపురుపల్లి_అమ్మాయి:
తాలూకా ఉందండీ, సరిపోయింది. అన్నదమ్ముల పేర్లు మాత్రం నాన్న నోటి మాటే.

పేరాక్_తెలుగు:
మేం మలేషియాలో బాగాన్ దాతో వైపు, కొబ్బరి తోటల్లోకి వచ్చిన వాళ్ల మనవలం. మా ఇళ్లలో తెలుగు ఇంకా నడుస్తోంది, అదీ శ్రీకాకుళం యాసలో. శ్రీకాకుళం నుంచి చుట్టాలు మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు అవతలి పక్క కూర్చున్నది నేను, అందుకని చెప్తున్నా. చీరలు, స్వీట్లు బాగానే ఉన్నాయి గానీ మా నాన్న గంటసేపు వదలకుండా చూసింది ఫోన్‌లో తీసుకొచ్చిన వీడియో. ఊరి చెరువు గట్టు, రామాలయం, పాత పెంకుటిల్లు, ఎవరో ముసలావిడ తలుపు దగ్గర నిలబడి మమ్మల్ని పేరు పెట్టి పలకరించడం. ఆ గుమ్మం ఎత్తెంత, వీధి ఎటు తిరిగింది అని ఒకటే ప్రశ్నలు. ఎవరెవరో రాసుకుని మరీ తీసుకెళ్లండి, అక్కడికెళ్లాక నాన్నగారు మర్చిపోతారు.

పై అన్న అడిగిన దానికి, రక్తసంబంధం నూటికి నూరు పాళ్లు తేలకపోతే మాత్రం ఏమైపోతుందండీ. వాళ్లు పిలిచారు, వీళ్లు వెళ్తున్నారు. ఆస్తి తగాదా అయితే కదా సర్వే రాళ్లు వెతకాలి.

ఊళ్లో అడిగేవాడు:
ఆ మాట నిజమే. కాకపోతే మా వైపు ఒకాయన ఇలాగే చుట్టరికం కలుపుకుని రెండో వారానికే పిల్లాడికి ఉద్యోగం చూడమన్నాడు, అవతలి వాళ్లు ఫోనెత్తడం మానేశారు. మొదటిసారి మీరు ఏమీ అడక్కండి, వాళ్లేమైనా అడిగితే మాటిచ్చేయకండి.

చీపురుపల్లి_అమ్మాయి:
థాంక్స్ అందరికీ. వీడియో తియ్యడానికి ఆదివారం ఊరెళ్తున్నాం. అమ్మ ఆవకాయతో పాటు మామిడి మొక్క కూడా పంపుతానంటోంది, ఒప్పుకుంటారా?

పోర్ట్‌లూయీ_గుంటూరోడు:
మొక్కలు, విత్తనాలు, పళ్లు పర్మిట్ లేకుండా రానివ్వరు, ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. ఆవకాయ సీల్ చేయించి, ఫారంలో తిండి సామాను ఉందని నిజం రాయండి, తర్వాత వాళ్ల ఇష్టం. మీ నాన్నగారికి నిద్రమాత్రల్లాంటివి ఉంటే డాక్టరు చీటీ తప్పనిసరి, మందుల విషయంలో ఇక్కడ చాలా గట్టిగా ఉంటారు. భోజనానికి అరిటాకు వేసి ఏడు కూరలు పెడితే మొదటి కూరకే కడుపు నింపుకోకండి.