బోర్డు సీట్ల లెక్క: విలీనం జరిగిన ఏడాదిని ఏం చేయాలి?

చాలా బోర్డుల్లో కూర్చునే డైరెక్టర్ల వల్ల కంపెనీ పనితీరు తగ్గుతుందా అని చూస్తున్నాను. 2006లో ఫిచ్, శివదాసానీ అనే ఫైనాన్స్ పరిశోధకులు వాడిన కొలతే తీసుకున్నా: బయటి డైరెక్టరుకు (కంపెనీ ఉద్యోగి కాని డైరెక్టరుకు) మూడు, ఆపైన బోర్డులుంటే ‘బిజీ’. కంపెనీ ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ (కంపెనీల మధ్య ఎప్పుడూ ఉండే తేడాలను పక్కన పెట్టే పద్ధతి) పెడితే గుణకం, అంటే బిజీతనానికీ పనితీరుకీ ఉన్న సంబంధం, సున్నాకి దగ్గరైంది. ఏడాది లాగ్ ఇచ్చినా, అంటే గతేడాది బిజీతనాన్ని ఈ ఏడాది పనితీరుతో పోల్చినా, అంతే. బాగా నడిచే కంపెనీ డైరెక్టర్లనే మిగతావాళ్లూ పిలుస్తారు కదా, ఏది కారణమో ఏది ఫలితమో తేలదు. అందుకే, వేరే కంపెనీ విలీనమైపోయి అక్కడి సీటు దానంతటదే పోయిన డైరెక్టర్లను మాత్రమే పట్టుకున్నాను.

ఇక్కడే ఆగిపోయాను. ఒకాయనకు మూడో సీటు ఆగస్టు 14న పోయింది, నా డేటా మాత్రం డిసెంబర్ 31 నాటిది; అంటే ఏడాదిలో సగానికి పైగా ‘బిజీ’గా ఉన్నా, ఆ ఏడాదికి ఆయన ‘బిజీ’ కానట్టే కనిపిస్తారు. విలీనమైన ఏడాదిని వదిలేస్తే, మరుసటి ఏడాది లెక్కలు లేని కేసులన్నీ పోయి 19 మిగులుతున్నాయి.

ఇలాంటి డేటాతో పనిచేసినవాళ్లు చెప్పండి: ఆ ఏడాదిని పూర్తిగా తీసేయాలా, నెలల లెక్కన పంచాలా?