2007లో బ్లోఖర్‌ను దించడం న్యాయమేనా?

ఓటుపెట్టె

స్విస్ రాజకీయాల గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా క్రిస్టోఫ్ బ్లోఖర్ పేరు రాక మానదు, ఆయన పేరొస్తే 2007 డిసెంబరు 12 రాక మానదు. కొత్తవాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. ఈయన 1979 నుంచి 2003 దాకా జ్యూరిక్ నుంచి దిగువసభ సభ్యుడు, ఎమ్స్ రసాయనాల కంపెనీ అధిపతి. యూరప్ ఆర్థిక మండలంలో చేరాలా వద్దా అని 1992 డిసెంబరు 6న జనాన్ని అడిగితే 50.3 శాతం వద్దన్నారు. ప్రభుత్వం చేరదామంటున్నా ఎదురు నిలిచి ఆ పోరు నడిపింది ఈయనే. 2003 చివర్లో ఏడుగురు మంత్రుల ఫెడరల్ కౌన్సిల్‌కు ఎన్నికై, న్యాయ, పోలీసు శాఖ తీసుకున్నారు.

2007 అక్టోబరులో ఆయన పార్టీ ఎస్‌వీపీ (స్విస్ పీపుల్స్ పార్టీ) 28.9 శాతం ఓట్లతో 62 సీట్లు గెలిచింది. రెండు నెలలు తిరక్కముందే పార్లమెంటు ఆయన్ను దించి, అదే పార్టీకి చెందిన ఎవెలీన్ విడ్మర్-ష్లుంప్ఫ్‌ను ఎన్నుకుంది. "బ్లోఖర్‌ను బలపరచండి, ఎస్‌వీపీకి ఓటెయ్యండి" అన్న నినాదంతో జనంలోకి వెళ్లి గెలిచిన పార్టీకి ఇది చెయ్యదగిన పనేనా? నా ఉద్దేశంలో కాదు.

కృష్ణాతీరం

ఓటుపెట్టె గారూ, పద్ధతి తెలియకుండా న్యాయాన్యాయాలు తేల్చలేం. దిగువసభ 200 మంది, ఎగువసభ 46 మంది, మొత్తం 246 మంది బెర్న్‌లో ఒకే హాల్లో కూర్చుంటారు. ఏడు పదవులకూ కలిపి ఒకేసారి ఓటింగ్ ఉండదు. ఒక్కో కుర్చీకి విడిగా, మంత్రుల సీనియారిటీ వరసలో, రహస్య ఓటు. చీటీ పంచుతారు, పేరు రాసి పెట్టెలో వేస్తారు, లెక్కిస్తారు, తర్వాతి కుర్చీకి వెళ్తారు. ఖాళీ చీటీలు, చెల్లనివి లెక్కలోకి రావు. మిగిలినవాటిలో సగం దాటాలి. మొదటి రెండు రౌండ్లలో అర్హత ఉన్న ఎవరి పేరైనా రాయొచ్చు, నామినేషన్ అక్కర్లేదు. మూడో రౌండు నుంచి కొత్త పేరు కుదరదు.

ఆ రోజు బ్లోఖర్ కుర్చీ అయిదోది. కీలకం ఇక్కడే ఉంది. అప్పటికే నలుగురు మంత్రులకు ఎస్‌వీపీ సభ్యులు ఓట్లేసేశారు. కక్ష తీర్చుకోవాలన్నా మిగిలింది రెండు కుర్చీలే. మొదటి రౌండులో విడ్మర్-ష్లుంప్ఫ్‌కు 116, బ్లోఖర్‌కు 111. రెండో రౌండులో 125, 115. 246 చీటీలూ చెల్లినా 124 చాలు కాబట్టి ఇక సందేహం లేదు. ఆమె అభ్యర్థిగా ప్రకటించుకోలేదు, హాల్లోనూ లేరు. అప్పటికి గ్రౌబ్యుండెన్ కాంటన్‌లో (కాంటన్ అంటే మన రాష్ట్రం లాంటిది) ఆర్థిక శాఖ చూస్తున్నారు. కబురు అందాక రైలెక్కి బెర్న్ వచ్చి, మర్నాటి దాకా గడువు అడిగి, 13న సరేనన్నారు.

ఇంకో సంగతి. మనకున్నట్టు అవిశ్వాస తీర్మానం అక్కడ లేదు. ఒకసారి ఎన్నుకుంటే నాలుగేళ్లు ఎవరూ కదిలించలేరు. వద్దనుకుంటే దారి నాలుగేళ్లకోసారి వచ్చే ఈ డిసెంబరు ఓటింగ్ ఒక్కటే. ఉన్న ఒక్క తలుపు వాడుకుంటే దాన్ని పన్నాగం అనడం నాకు సబబుగా తోచదు.

పంతులు

2003 సంగతి కూడా చెప్పాలి కదండీ. 1959 నుంచి మంత్రి పదవుల పంపకం 2-2-2-1: రాడికల్స్, క్రిస్టియన్ డెమోక్రాట్లు, సోషలిస్టులకు రెండేసి, ఎస్‌వీపీకి ఒకటి. 2003లో ఎస్‌వీపీ అందరికన్నా పెద్ద పార్టీ అయింది, క్రిస్టియన్ డెమోక్రాట్లు 28 సీట్లకు దిగారు. రెండో పదవి అడగడంలో తప్పులేదు. కానీ "బ్లోఖర్‌నే తీసుకోండి, లేదంటే ప్రతిపక్షంలో కూర్చుంటాం" అని షరతు పెట్టారు. మూడో రౌండులో 121-116 తేడాతో, పదవిలో ఉన్న క్రిస్టియన్ డెమోక్రాట్ మంత్రి రూట్ మెట్స్‌లర్ బ్లోఖర్ చేతిలో ఓడిపోయారు. పదవిలో ఉన్న మంత్రిని దించడం 1872 తర్వాత అదే మొదటిసారి. నూట ముప్ఫై ఏళ్ల ఆనవాయితీ తెగింది బ్లోఖర్ కోసమే. నాలుగేళ్లకు అదే కత్తి ఆయన మీదికొచ్చింది.

ఓటుపెట్టె

పంతులు గారూ, ఆ రెండూ ఒకటి కావు. 2003లో మారింది లెక్క. జనం వేసిన ఓట్లకు తగ్గట్టు కుర్చీలు సర్దారు. 2007 వల్ల లెక్క తప్పింది. కొంచెం ముందుకెళ్లి 2011 చూడండి: విడ్మర్-ష్లుంప్ఫ్ కొత్త పార్టీ బీడీపీకి 5.4 శాతం ఓట్లు, ఒక మంత్రి. ఎస్‌వీపీకి 26.6 శాతం, అదీ ఒక మంత్రే. అయిదు రెట్ల ఓట్లకు సమానమైన వాటా! అందరూ కలిసి ఏలుకుందాం అనే వ్యవస్థలో ఇది నాకు మింగుడుపడదు.

నల్లమల

2011 లెక్క విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ 2007 డిసెంబరులో ఎస్‌వీపీ వాటా తగ్గించలేదు కదా. ఆ పార్టీవాళ్లే ఇద్దరు ఎన్నికయ్యారు, శామ్యూల్ ష్మిడ్, విడ్మర్-ష్లుంప్ఫ్. పార్లమెంటు కాదన్నది పార్టీని కాదు, మనిషిని.

పనిలో బ్లోఖర్ గట్టివాడే. శరణార్థుల చట్టం సవరణను 2006 సెప్టెంబరులో 67.8 శాతం జనం ఆమోదించారు. అయితే ఫెడరల్ కౌన్సిల్‌కు ఒక ప్రాణసూత్రం ఉంది: లోపల ఎంతైనా వాదించుకోవచ్చు, నిర్ణయం అయ్యాక ఏడుగురిదీ ఒకే మాట. ఆయనకు అది ఒంటబట్టలేదు. 2006 అక్టోబరులో అంకారా వెళ్లి, సొంత దేశపు జాతివివక్ష నిరోధక శిక్షాస్మృతిని తప్పుబట్టారు. ఆ చట్టాన్ని 1994లో ప్రజాభిప్రాయ సేకరణలో జనమే ఆమోదించారు! జనం మాటే శిరోధార్యం అనే నాయకుడు విదేశంలో నిలబడి జనం ఒప్పుకున్న చట్టాన్ని ఆక్షేపించడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన విషయం.

కృష్ణాతీరం

నల్లమల గారి మాటకు కొనసాగింపుగా: వాటా పోగొట్టుకుంది చాలావరకు ఎస్‌వీపీయే. ఆమెను పార్టీ నుంచి తొలగిద్దామంటే జాతీయ పార్టీకి వీల్లేదు, ఎందుకంటే సభ్యత్వం ఉండేది కాంటన్ శాఖలో. గ్రౌబ్యుండెన్ శాఖ ఆమెను తీసెయ్యనంది. దాంతో 2008 జూన్‌లో మొత్తం శాఖనే వెలివేశారు. బీడీపీ పుట్టింది అలా. ష్మిడ్ కూడా అందులో చేరిపోయారు. గెలిచిన పెద్ద పార్టీకి మంత్రివర్గంలో ఒక్కరూ లేకుండా పోయారు! ష్మిడ్ రాజీనామా చేశాక, 2008 డిసెంబరులో ఊలి మౌరర్ 122-121 తో, ఒక్క ఓటు తేడాతో గట్టెక్కారు. ఆయన మీద ఆ 121 తెచ్చుకున్న హాన్స్‌యోర్గ్ వాల్టర్ కూడా ఎస్‌వీపీ మనిషే.

తర్వాత నిబంధన మార్చుకున్నారు: పార్టీ నిలబెట్టకుండా ఎన్నికై పదవి ఒప్పుకుంటే సభ్యత్వం పోతుంది. మన దగ్గర విప్ ధిక్కరిస్తే సభ్యత్వానికే ముప్పు. అక్కడ రాజ్యాంగం 161వ అధికరణం సభ్యులు ఎవరి ఆదేశాలకూ లోబడి ఓటెయ్యకూడదంటుంది. అందుకే ఓటేసినవాళ్లను కట్టడి చెయ్యలేక, ఎన్నికైన మనిషిని కట్టడి చేశారు.

ఓటుపెట్టె

శాఖను వెలివేయడం తొందరపాటే, ఒప్పుకుంటాను. మరి మంత్రుల్ని నేరుగా జనమే ఎన్నుకుంటే ఈ పేచీయే ఉండదుగా?

పంతులు

ఎస్‌వీపీ సరిగ్గా అదే అడిగింది. 2013 జూన్ 9న ఓటింగ్ పెడితే 76.3 శాతం వద్దన్నారు. ఒక్క కాంటన్ కూడా ఔననలేదు. పార్లమెంటే ఎన్నుకోవాలని జనమే తేల్చి చెప్పారు.

నల్లమల

బ్లోఖర్ 2011లో మళ్లీ దిగువసభకు వచ్చి 2014 మే నెలలో తప్పుకున్నారు. ఎస్‌వీపీకి రెండో కుర్చీ మాత్రం 2015 డిసెంబరు దాకా రాలేదు. అప్పుడు 29.4 శాతం ఓట్లు చేతిలో ఉన్నా "ఈయనే కావాలి" అని పట్టుబట్టలేదు. జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్ ప్రాంతాల నుంచి ఒక్కొక్కరి చొప్పున ముగ్గుర్ని ముందు పెట్టి, వీళ్లలో ఎవరైనా సరే అన్నారు. మూడో రౌండులో గీ పార్మెలాన్ 138 ఓట్లతో గెలిచారు. ఈ పని 2007లోనే, కనీసం ఇద్దరి పేర్లతో చేసుంటే గ్రౌబ్యుండెన్ శాఖ కూడా వాళ్లకు మిగిలేది.

ఓటుపెట్టె

2007లో గెలుపే ఆయన పేరు మీద వచ్చినప్పుడు రెండో పేరు ఎలా పెడతారు నల్లమల గారూ? ఆ ఒక్కచోట మాత్రం నేను మీతో రాలేను.